కారు షెడ్డుకు గడప

ఇప్పుడు నేను నడుస్తున్నాను. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. మంచాన పడ్డ రోజుల్లో ఇలాంటి అనుభవాలు ఎవరైనా రాసినవి దొరికితే, నేను మొదట చివరి పేరా చదివేదాన్ని. మనిషి లేచాడా లేదా అన్నది తెలిసేదాకా మిగతాది బుర్రకెక్కేది కాదు. మీరు కూడా ఏ దవాఖాన బెంచీ మీదో కూర్చుని, లోపలున్న మనిషి కోసం చూస్తూ ఇది చదువుతుంటే ఆ ఫికరు మీకొద్దు. నడుస్తున్నాను. మెల్లగానే, మెట్ల దగ్గర గోడ పట్టుకునే, అయినా నడుస్తున్నాను.

ఆషాఢం

నేను నల్లగొండ పక్క పల్లెలో బడిపంతులమ్మను. మా ఇల్లు పట్టణం చివర, పానగల్ పోయే దారిలో ఉంది. కింద కిరాయివాళ్లుంటారు, పైన మేముంటాం. మేమంటే నేను, మా ఆయన నర్సింహ, తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి మౌనిక, మా అత్తమ్మ యాదమ్మ. కింది వాటాకు ఆనుకుని, వీధివైపు షట్టరుతో ఒక కారు షెడ్డు ఉంది. ఇల్లు కట్టినప్పుడు మాకు కారు లేదు, కొనే మొహాలూ కావు. మా ఆయన కరెంటు డిపార్టుమెంటులో లైన్‌మన్. "కారొచ్చినంక షెడ్డు కడ్తమంటే అప్పుడు జాగా యాడికెల్లి వస్తది?" అని పట్టుబట్టి కట్టించాడు. చాలా ఏళ్లు అందులో సైకిలూ ఎండుమిరపకాయల బస్తాలూ కాపురం చేశాయి. చుట్టాలు నవ్వి నవ్వి అలిసిపోయాక, నిజంగానే ఒక పాత తెల్లకారు కొన్నాడు. పొద్దున లేవగానే దాన్ని తుడిచే తీరు చూసి, "నన్నెన్నడన్న గంత మంచిగ చూసుకున్నవా?" అని ఏడిపించేదాన్ని. ఆ మాట ఏ దేవుడి చెవిన పడిందో తెలియదు.

ఆ ఏడు ఆషాఢంలో జ్వరమొచ్చి తగ్గింది. తగ్గిన కొన్నాళ్లకు ఒక సాయంత్రం బడి నుంచి వచ్చి మెట్ల దగ్గర చెప్పులు విడవబోతే ఎడమకాలికి చెప్పు లేదు. బస్సు దిగి ఇంటిదాకా ఒంటి చెప్పుతో నడిచొచ్చాను. దారి నిండా కంకర, నాకు తెలియనేలేదు. మౌనిక పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఎడమ బొటనవేలును గోరుతో గిచ్చి చూసుకున్నాను. అది ఎవరి వేలో అన్నట్టుంది.

మర్నాడు పొద్దున మంచం దిగబోయి కింద కూలబడ్డాను. ఆ తర్వాత అంతా తొందరతొందరగా జరిగిపోయింది. కాళ్లు పోయాయి, నడుము పోయింది, చేతులు బరువెక్కాయి. హైదరాబాదు తీసుకుపోయారు. డాక్టరు చెప్పిన ఇంగ్లిషు పేరు నాకు ఇప్పటికీ సరిగ్గా నోరు తిరగదు. ఒంట్లోని కాపలాయే మతి తప్పి సొంత నరాల మీద పడిందని ఆయన వివరించాడు. "వచ్చిన తొవ్వనే ఎనుకకు పోతదమ్మా. ఎంత దూరం పోతదో మాత్రం ఇప్పుడే చెప్పలేం" అన్నాడు. ఆ రెండో వాక్యం నాతో చాలా నెలలు కాపురం చేసింది.

లోపల నేను కప్పు చూస్తూ పడుకుంటే, బయట మా ఆయన మెట్ల కింద చాప మీద ఉండేవాడు. ఆ చాప కూడా ఆయనది కాదు. అమ్రాబాద్ దిక్కు నుంచి కొడుకును తీసుకొచ్చిన ఒక పెద్దాయన తన చాపలో సగం ఇచ్చాడట. పొద్దున్నే లేచి, "లోపటోళ్లు ఎట్లున్నరో గని, మనం తినకుంటె ఆళ్లను మోసేదెవలు?" అంటూ జొన్నరొట్టె తుంచి చేతిలో పెట్టేవాడట. ఆయన పేరు మా ఆయన అడగలేదు. అడిగే తీరిక లేదనీ, తీరా వెతికితే వాళ్లు వెళ్లిపోయారనీ ఇప్పటికీ బాధపడతాడు.

బతుకమ్మ పండుగ ముందర

చేతులు తిరిగొచ్చాయి. నడుము నిలబడింది. కాళ్లు మాత్రం రాలేదు. ఇంటికి తీసుకుపొమ్మన్నారు, రోజూ కసరత్తులు చేయించమన్నారు. ఏ ఇంటికి? మాది మేడ మీద. మెట్లు ఇద్దరు ఎదురుపడితే ఒకరు ఆగేంత ఇరుకు. కింది వాటా కిరాయివాళ్ల బిడ్డ కాన్పుకొచ్చి ఉంది, వాళ్లను లేవమనడానికి నోరెట్లా వస్తుంది?

ఒకరోజు మా ఆయన నా తల దువ్వుతూ, "కారు షెడ్డును గది చేస్తున్న" అన్నాడు. దువ్వడం ఆయనకు రాదు, చిక్కులన్నీ పీకుతున్నాడు. "షట్టరు తీసేసి గోడ లేపుతున్నరు. కిటికీ, దర్వాజ పెడుతున్నం. ఎనుక మోటరున్న మూలకు బాత్రూం. ఆ ర్యాంపు కారుకు కట్టిచ్చిన గద, నీ కుర్చీ సీదా లోపటికి పోతది."

"మరి కారు?"

"బయట ఉంటది. దానికేమైతది?"

ఆ మాటతో నాకు భయం పట్టుకుంది. కారును బయట పెట్టాడంటే ఈయనకు డాక్టరు నాకు చెప్పనిదేదో చెప్పాడని.

ఇంటికొచ్చిన రోజు కారులోంచి దించి నన్ను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టారు. మా ఆయన వెనక నుంచి తోశాడు. కుర్చీ ర్యాంపు ఎక్కింది. కొత్త దర్వాజకు మామిడాకులు కట్టి ఉన్నాయి. చక్రాలు ఠక్కున ఆగాయి. నేను ముందుకు తూలాను.

కింద గడప ఉంది. పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టిన కొత్త వేపకట్టె గడప, అడ్డంగా, నాలుగు వేళ్ల ఎత్తున.

"ఇదేంది?" అన్నాడు మా ఆయన. "మేస్త్రీ, నేనేం చెప్పిన? మూడు దిక్కులనే కట్టె పెట్టుమన్న గద, కింద ఏం ఒద్దని!"

సైదులు మేస్త్రీ తల గోక్కుంటూ మా అత్తమ్మ వైపు చూశాడు. అత్తమ్మ చేతిలో హారతి పళ్లెం ఉంది.

"నేనే వెట్టిచ్చిన" అంది. "గడప లేనిది ఇల్లెట్లయితదిరా? కొట్టమైతది. నా కోడలు కొట్టంల పంటదా?"

"అమ్మా, దాని కాలు లేస్తలేదే!"

"లేస్తది. లేవాలెననే వెట్టిన."

మా ఆయన ముఖం చూసి మేస్త్రీ అక్కడినుంచి జారుకున్నాడు. చివరికి కింది వాటా అతను ఒక పక్క, మా ఆయన ఒక పక్క పట్టుకుని నన్ను కుర్చీతో సహా గడప మీదుగా లేపారు. దేవుడి పల్లకిలాగా కాదు, గ్యాసు బండలాగా. ఒక పక్క ఒరిగితే నేను కేక పెట్టాను. గది చూడకుండానే గోడవైపు తిరిగి ఏడ్చాను.

కార్తీకం

గది మంచి గది. ఇప్పుడు చెప్పగలుగుతున్నాను. అప్పుడు ప్రతి మంచీ నాకు చెడుగానే కనిపించేది.

నేల వీధివైపు వాలి ఉండేది, కారు కడిగిన నీళ్లు పోవడానికి. అందుకని మంచం రెండు కోళ్ల కింద ఇటుకలు పెట్టారు. నడుమ ఇంజనాయిలు మరక. ఊకతో రుద్దారు, సోడాతో రుద్దారు, అది పోలేదు. దాని మీద మౌనిక ఎర్రచాప పరిచింది. కిరాయివాళ్ల వంటింటి గోడ మా మంచానికి ఆనుకునే ఉండేది. వాళ్లు పోపు పెడితే నాకు ఆకలేసేది. ఆ ఇంటావిడకు ఆ సంగతి ఎట్లా తెలిసిందో కానీ, పోపు వాసన వచ్చిన కాసేపటికి ఒక గిన్నె కూడా వచ్చేది.

మా ఆయన డ్యూటీ దిగగానే ఏదో ఒకటి బిగించేవాడు. తలగడ పక్కన స్విచ్చి, నేను నొక్కితే మేడమీద మోగే బెల్లు, పుస్తకాలకు అర, కిటికీకి పరదా, పచ్చని వెలుతురిచ్చే బల్బు. మౌనిక ఒక గోడకు నీలం రంగు వేసి దాని మీద కొంగలు గీసింది. చూడవచ్చినవాళ్లంతా "ఎంత ముద్దుగుంది గది! పైనకంటె గిదే మంచిగుంది" అనేవాళ్లు. వాళ్లు నన్ను సంతోషపెట్టడానికే అన్నారు. నాకు మాత్రం గుండెల్లో రాయి పడేది. నాలుగు రోజులుండి పోయేవాళ్ల కోసం ఎవరూ అరలు కొట్టరు. ఉండిపోయేవాళ్ల కోసమే కొడతారు.

ఒకనాడు ఆయన గోడకు టీవీ పెట్టే పట్టీ బిగిస్తుంటే పట్టలేకపోయాను.

"ఎన్నేండ్లకు కడుతున్నవు?" అన్నాను.

"ఏంది?"

"నన్ను ఎన్నేండ్లు గీడ పండవెడ్తవో చెప్పు. డాక్టర్ నీకేం చెప్పిండో చెప్పు. ఇగ మెట్లెక్కదని చెప్పిండా?"

ఆయన స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని ఎర్రచాప మీద కూర్చున్నాడు. "నాకేం చెప్పలే. నీకు చెప్పిందే చెప్పిండు" అన్నాడు. చాప అంచు సర్దుతూ, "చేతులు ఊకుంటె నాకు భయమైతాంది సునీతా. అందుకే గివన్ని. అంతే" అన్నాడు.

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయనకు భయమని ఆయన నోట వినడం అదే మొదటిసారి. స్తంభాలెక్కే మనిషి. ఇద్దరికీ ఒకటే భయమని తెలిశాక నాది తగ్గలేదు కానీ, ఆయన మీద కోపం తగ్గింది. టీవీ పట్టీ బిగించమన్నాను.

కసరత్తులు చేయించడానికి రేణుక అనే అమ్మాయి వచ్చేది. మహబూబ్‌నగర్ పిల్ల, నవ్వు ముఖం, పని దగ్గర మాత్రం దయ లేదు. వాకరు పట్టుకుని నిలబడడం వచ్చాక ఆమె గడప చూసి, "అక్కా, గీ కట్టె తీసేయమనుండ్రి. రేపు వాకర్ తోని బయటికి పోవాలంటె గిదే అడ్డం" అంది. మా ఆయనకు అంతకంటే ఏం కావాలి? మర్నాడే రంపం తెచ్చాడు.

అత్తమ్మ వచ్చి గడప అవతల ర్యాంపు మీద కూర్చుంది. అరవలేదు. కొడుకు వైపు చూడలేదు, నా వైపే చూసింది.

"నేను పుట్టిన గుడిసెకు గడప లేకుండె బిడ్డా" అంది. "తడక. మా అత్తగారింటికి వస్తె గాడ గూడ తడకనే. ఆసాముల ఇండ్లకు పనికి పోతుంటిమి. వాళ్లకు గంధపు గడపలు. బయటికెల్లే గింజలు వోస్తుండ్రి, మేం కొంగు పడుతుంటిమి. దాటితె ఏమంటరో తెల్సు గద. సర్కారు కాలనీల ఇల్లొచ్చిన్నాడు మీ మామ మొదాలు గడప తెచ్చిండు. గోడలు లేవకముందు గడప తెచ్చిండు. మేమిద్దరం దాని పక్కకు గూసోని అన్నం తిన్నం." చీర కొంగుతో ముక్కు తుడుచుకుంది. "కోయాల్నంటె కోయుండ్రి. నేనేమన."

మా ఆయన రంపం పట్టుకుని నిలబడ్డాడు. ఇద్దరూ నేను ఏమంటానా అని చూస్తున్నారు.

వద్దన్నాను. ఆమె మీద జాలితో అన్నానని అంతా అనుకున్నారు. కొంత నిజమే. కానీ అసలు సంగతి వేరే. ఆ కట్టె కోస్తే నా కాలు ఇక లేవదని ఇంటిల్లిపాదీ ఒప్పుకున్నట్టే అవుతుంది. ఆ ఒప్పుకోలు నేను తట్టుకోలేను.

చలి ముదిరాక

కాళ్లలో జీవం వస్తూ పోతూ ఉండేది. వచ్చినప్పుడు చీమలు పాకినట్టు, మంట పెట్టినట్టు. ఆ మంట కోసం ఎదురుచూసేదాన్ని. మంట లేని రోజు దిగులు.

ఒక పొద్దున లేచేసరికి కుడిచేయి లేదు. ఉంది, కానీ లేదు. మళ్లీ మొదలైందనుకున్నాను. బెల్లు నొక్కాను, నొక్కుతూనే ఉన్నాను. మా ఆయన చెప్పులు లేకుండా దిగొచ్చాడు. గడప మీదుగా నన్ను ఎత్తుకునే కారులో వేశాడు. దవాఖానకు తీసుకుపోయాడు.

డాక్టరు ఇంకా రాలేదు. హాలు నిండా జనం. నా చేయి ఒళ్లో పడి ఉంది. దాన్ని చూడకుండా ఎదుటి గోడకున్న పోస్టరు చదువుతున్నాను, అక్షరాలు కనబడుతున్నాయి, అర్థం తెలియడం లేదు. పక్కన ఎవరో పెద్దావిడ, తనకూ ఏదో జబ్బే, రామన్నపేట నుంచి తొలి బస్సుకు వచ్చిందట. ఏమీ అడగకుండా నా చేతిని తన ఒళ్లోకి తీసుకుని రుద్దడం మొదలుపెట్టింది. బిడ్డ చేతిని రుద్దినట్టు, వేలు వేలూ. కాసేపటికి చిటికెన వేలు చురుక్కుమంది. తర్వాత చేయంతా.

డాక్టరు చూసి, "చేతి మీద పడుకున్నరు, తిమ్మిరెక్కింది. అందరికీ అయ్యేదే" అన్నాడు. మా ఆయన పెద్దగా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ గోడవైపు తిరిగాడు. భుజాలు కదలడం చూసి అది నవ్వు కాదని తెలిసింది. జబ్బు నుంచి బయటపడుతున్నవాళ్లకు నేను చెప్పగలిగింది ఇది: ఈ భయం మీ ఒక్కరికే కాదు. తిమ్మిరెక్కినా, తుమ్మొచ్చినా ఇక ఇంతే. కొన్నాళ్లు ఇట్లానే ఉంటుంది.

ఆ తర్వాత పట్టుదల పెరిగింది. వాకరుతో గదిలో తిరిగేదాన్ని, ఎర్రచాప చుట్టూ. మిగిలింది గడప. రేణుక వాకరును అవతల పెట్టి దాని మీద బరువు మోపించి, "ఎత్తుండ్రి అక్కా" అనేది. కాలు లేచేది. కానీ దాటేంత కాదు. దిగేటప్పుడు సరిగ్గా గడప మీదే పడేది.

"పడనీయుండ్రి. దాని మీదనే నిలవడుండ్రి. మెట్టు లెక్క. ఎన్కకాలు గుంజుకోని దాటుండ్రి."

చెప్పడం తేలిక. గడప తొక్కకూడదని మనకు నడక నేర్పేటప్పుడే నేర్పుతారు కదా. నా పాదం పసుపును తాకడమే ఆలస్యం, వెనక్కి వచ్చేసేది. నేను వెనక్కి తీయడం కాదు, అదే వచ్చేసేది. ఏ నరాలు చచ్చిపోయాయో కానీ ఆ నరం మాత్రం బతికే ఉంది.

ఒకరోజు కాలు బలంగా గడప మీద పడింది. ఏళ్లనాటి అలవాటు, చేయి దానంతటది వాకరు వదిలేసింది. గడపను తాకి కళ్లకద్దుకుందామని వంగాను. అంతే, ముందుకు బోర్లాపడ్డాను. నుదురు ర్యాంపుకు కొట్టుకుంది.

రేణుక మొదటిసారి కేకలేసింది. "దేవునికి తర్వాత మొక్కొచ్చు! వాకర్ ఇడుస్తరా ఎవలన్న?" నా నుదుటి మీద నెత్తురు చూసి అత్తమ్మ చేతిలోని అన్నం పళ్లెం జారవిడిచింది. నాకు దెబ్బ నొప్పి తెలియలేదు. కాలు వచ్చినా నేను దాటలేనన్న భయం ఒకటే. మంచమ్మీద పడుకుని కొంగల గోడ చూస్తూ, ఇక ఈ గదే, ఇదే నా ఇల్లు అనుకున్నాను. ఆ తర్వాత చాలా రోజులు గడప దగ్గరికే పోలేదు.

శివరాత్రి దాటాక

ఎండ తిరిగింది. ఒక శుక్రవారం పొద్దున కళ్లు తెరిచేసరికి అత్తమ్మ గడప దగ్గర చెంబుతో కూర్చుని ఉంది. శుక్రవారం గడప కడిగి పసుపు రాయడం ఆమె తప్పనిది, జ్వరమొచ్చినా తప్పనిది. కానీ ఆ రోజు పసుపు గిన్నె లేదు. తడిబట్టతో ఉన్న పసుపంతా తుడిచేస్తోంది. గోటితో కుంకుమ గీకుతోంది. కట్టె రంగు బయటపడేదాకా తుడిచింది. దర్వాజకున్న ఎండు మామిడాకులు కూడా తెంపి పక్కన పెట్టింది.

"ఏం చేస్తున్నవ్ అత్తమ్మా?"

"లే" అంది. "అది తెచ్చుకో. నీ బండి."

ఇంకా రేణుక రాలేదు. మా ఆయన మేడమీద స్నానం చేస్తున్నాడు. నేను భయపడుతూనే వాకరు దగ్గరికి లాక్కుని లేచాను. అత్తమ్మ గడప అవతల నిలబడి వాకరు ముందుకాళ్లు రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. ఆమె చేతులకు ఇంకా పసుపు ఉంది.

"కాలు వెట్టు. దాని మీదనే వెట్టు."

"అత్తమ్మా, ఎట్ల..."

"ఇయ్యాల ఇది గడప గాదు. ఉత్త కట్టె. పసుపు లేదు, బొట్టు లేదు, చూస్తలేవా? తొక్కు."

కాలెత్తాను. పడింది. చల్లగా, తడిగా తగిలింది. తడి తెలుస్తోందని అప్పుడు గమనించాను. పాదం వెనక్కి రాబోయింది.

"తొక్కు బిడ్డా!" అని అరిచింది అత్తమ్మ. ఏడుస్తూ అరిచింది. "నేను జెప్తున్న గద. తొక్కు!"

తొక్కాను. ఒళ్లంతా దాని మీద మోపాను. కట్టె కదల్లేదు. వెనకకాలు గుంజుకున్నాను, అది కూడా కట్టె ఎక్కింది. తర్వాత ముందుకాలు కిందికి జారింది, దాని వెంట రెండోది. ర్యాంపు మీద ఎండలో నిలబడి ఉన్నాను. ఎదురుగా మా తెల్లకారు, దాని మీద చెట్ల ఆకులు, దుమ్ము. ఎన్ని నెలలుగా ఆయన దాన్ని తుడవలేదో అప్పుడే చూశాను.

మౌనిక పైనుంచి చూసి, "బాపూ, అమ్మ బయటుంది!" అని కేక పెట్టింది. ఆయన తలమీద సబ్బు నురగతోనే దిగొచ్చాడు.

మెట్లెక్కడానికి ఆ తర్వాత ఎండాకాలమంతా పట్టింది. ఇప్పుడు పైనే పడుకుంటున్నాను. పొద్దున లేవగానే ఎడమ బొటనవేలు గిచ్చి చూసుకోవడం మాత్రం మానలేదు, మానతానని కూడా చెప్పను. కారు బయటే ఉంది. గది గదిగానే ఉంది. మధ్యాహ్నం పూట నేనే వెళ్లి అక్కడ పడుకుంటాను, కింది పోపు వాసన కోసం.

ఆ శుక్రవారం సంగతి ఇంకొంచెం ఉంది. నేను దాటి వచ్చి కుర్చీలో కూర్చున్నాక, అత్తమ్మ లోపలికి వెళ్లి పసుపు గిన్నె తెచ్చుకుంది. కట్టె మళ్లీ కడిగి, నిండుగా పసుపు రాసి, బొట్లు పెట్టి, కొత్త మామిడాకులు కట్టింది. అప్పుడే నాకు మంచినీళ్లు తేవడానికి పరిగెత్తిన మౌనిక కాలు దాని మీద పడింది.

"ఏయ్ పిల్లా, గడప తొక్కుతవా? కండ్లు నెత్తికెక్కినయా?"

"మరి ఇందాక అమ్మ తొక్కలేదా అవ్వా?"

అత్తమ్మ చేతికంటిన పసుపు కొంగుకు తుడుచుకుంటూ నా వైపు చూసింది.

"మీ అమ్మ గడప యాడ తొక్కింది? కట్టె తొక్కింది" అంది. "నువ్వు కండ్లకద్దుకో."